ఎండలు ముదరకముందే: రోజూ మందులు వేసుకునేవారు చూసుకోవాల్సినవి

మింగిన మాత్ర చాలావరకు చిన్నపేగుల్లోంచి రక్తంలోకి ఎక్కుతుంది, ఒళ్ళంతా సర్దుకుంటుంది, ఆపైన కాలేయం దాన్ని మార్చేస్తుంది లేదా కిడ్నీలు మూత్రంలోకి పంపేస్తాయి. ఇదంతా మామూలుగా నడుస్తుందన్న లెక్కతోనే డాక్టరు మోతాదు రాస్తారు. ఎండకు చెమట కారి, దానికి వాంతులో విరేచనాలో తోడైతే ఆ లెక్క తప్పుతుంది. కిడ్నీలకు చేరే రక్తం తగ్గి వడపోత మందగిస్తుంది. నిన్నటి మందు పోకముందే ఇవాళ్టిది వచ్చి పడుతుంది.

రెండు రోజులు బాగానే ఉన్నాం కదా అని ధీమా పడొద్దు. ఒంట్లో మందు సగానికి తగ్గే సమయాన్ని అర్ధాయువు అంటారు. గుండెకు వాడే డిగాక్సిన్‌కు అది 36 నుంచి 48 గంటలు. కిడ్నీలు దెబ్బతింటే ఇంకా సాగుతుంది. కాబట్టి విషలక్షణాలు మెల్లగా, కొన్ని రోజులకు బయటపడొచ్చు. ఆకలి చచ్చిపోవడం, వికారం, చూపులో పసుపు ఛాయ, నాడి మరీ నెమ్మదించడం గమనించండి.

మానసిక స్థితి ఒడుదుడుకులకు ఇచ్చే లిథియం వాడేవారిది ఇంకో చిక్కు. చెమటతో ఉప్పు పోతే కిడ్నీ సోడియంను వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటు లిథియంనూ లాక్కుంటుంది. ఉప్పు ఒక్కసారిగా మానేసినా ఇదే జరుగుతుంది. రక్తంలో లిథియం మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దకావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

అందరూ తేలిగ్గా తీసుకునేది నొప్పి మాత్ర. బీపీకి ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి, వాటికి తోడు నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వాడుతూ, ఒళ్ళునొప్పులని ఐబుప్రోఫెన్ గానీ డైక్లోఫెనాక్ గానీ కొని వేసుకుంటారు. నొప్పి మాత్ర కిడ్నీ వడపోత జల్లెడకు రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది, బీపీ మాత్ర బయటికి వెళ్ళే నాళాన్ని వదులు చేస్తుంది, నీటి మాత్ర ఉన్న నీటినీ తగ్గిస్తుంది. వడపోతకు కావాల్సిన ఒత్తిడి మూడు వైపులా పడిపోతుంది. ఈ మూడూ కలవకూడదు. నొప్పికి పారాసిటమాల్ మేలు: పెద్దలకు రోజుకు 4 గ్రాములు మించకూడదు, కాలేయ జబ్బు ఉంటే ఎంతో డాక్టరే చెప్పాలి.

ఎండలు మొదలయ్యేలోపు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), సోడియం, పొటాషియం చూపించుకోండి. డాక్టరు దగ్గర ఒక కాగితం రాయించుకోండి: వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఏవి ఆపాలి, ఏవి ఆపకూడదు, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు, నీటి మాత్రలు సాధారణంగా ఆపేవాటిలో ఉంటాయి. డాపాగ్లిఫ్లోజిన్‌తో షుగర్ పెద్దగా పెరగకపోయినా ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్ల ఆమ్లం రక్తంలో పేరుకోవచ్చు. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, మూర్ఛ మందులు మాత్రం సొంతంగా ఆపేయకూడదు. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతయితే రెండో మాత్ర వేసుకోవాలా అన్నదీ మందును బట్టే ఉంటుంది. అదీ అడిగి రాయించుకోండి. గుండె బలహీనతకు నీళ్ళు తగ్గించమన్నవారు ఎంత తాగాలో కూడా అడగాలి.

చర్మం ద్వారా ఎక్కే మందులకు ఎండ నేరుగా తగులుతుంది. వేడికి చర్మంలో రక్తం ఎక్కువగా పారి ఇన్సులిన్ త్వరగా ఎక్కుతుంది, షుగర్ హఠాత్తుగా పడొచ్చు. ఎండలో పని ఉన్నరోజు అదనంగా పరీక్షించుకోండి. తీవ్రమైన నొప్పికి చర్మం మీద అంటించే ఫెంటానిల్ పట్టీ మీద వేడి కాపడం పెడితే మందు ఒక్కసారిగా ఎక్కి ఊపిరి మందగిస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. పట్టీ ఉండగా జ్వరం వచ్చినా డాక్టరుకు చెప్పాలి.

మందుల్ని ఎండలో నిలిపిన వాహనంలో వదలొద్దు. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పారేయాలి.