కాలేయాన్ని తెలుసుకుందాం – 3వ పాఠం: కామెర్లను కంటితో గుర్తించడం

పొట్టలో కుడివైపు, పక్కటెముకల చాటున కాలేయం ఎక్కడ ఉంటుందో, పెద్దవారిలో దాదాపు కిలోన్నర బరువుండే ఆ అవయవం ఏయే పనులు చేస్తుందో గత రెండు పాఠాలలో చూశాం. ఈ పాఠంలో ఒకే ఒక నైపుణ్యాన్ని అభ్యసిద్దాం. ఇంట్లో ఎవరికైనా కామెర్లు వచ్చాయేమోనన్న అనుమానం కలిగినప్పుడు సరిగ్గా పరిశీలించడం, చూసినదాన్ని వైద్యుడికి పనికివచ్చేలా చెప్పగలగడం ఆ నైపుణ్యం. విజయవాడ, గుంటూరు ప్రాంతాలలో వేసవిలో మూత్రం పచ్చగా రాగానే కంగారుపడేవారూ ఉన్నారు, కళ్ళు నిజంగానే పచ్చబడినా పసరు మందుతో సరిపెట్టుకునేవారూ ఉన్నారు. ఈ ఇద్దరికీ ఈ పాఠం అవసరమే.

ముందుగా పసుపు రంగు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలి. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతికి విచ్ఛిన్నమవుతాయి. వాటిలోని హిమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని నీటిలో కరిగే రూపానికి మార్చి పైత్యరసంతో పాటు పేగులోకి పంపుతుంది. మలానికి ఉండే సహజమైన రంగు దాని నుంచే వస్తుంది. రక్తంలో బిలిరుబిన్ మామూలుగా డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములకు మించదు. అది 2.5 నుంచి 3 మిల్లీగ్రాముల దాకా పెరిగితే గాని కంటికి పసుపు కనిపించదు. ఫ్యాటీ లివర్‌లోనూ (కాలేయంలో కొవ్వు పేరుకోవడం), సిరోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) తొలి దశలోనూ ఈ రంగు అసలు కనిపించకపోవచ్చు. కాబట్టి కళ్ళు తెల్లగా ఉన్నంత మాత్రాన కాలేయం బాగుందని అనుకోకూడదు.

ఇక పరిశీలన. రాత్రిపూట బల్బు వెలుగులో చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. పగటి వేళ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మనిషిని కిందికి చూడమని చెప్పి, పై రెప్పను బొటనవేలితో మెల్లగా పైకి లేపండి. రెప్ప చాటున ఉండే తెల్లగుడ్డు భాగానికి ఎండ, దుమ్ము తగలవు కనుక అక్కడ కనిపించే రంగును ఎక్కువగా నమ్మవచ్చు. ఎండలో పనిచేసేవారికి, వయసు మళ్ళినవారికి నల్లగుడ్డు పక్కన పసుపుపచ్చని చిన్న మచ్చలు రావడం మామూలే. కామెర్లలో మాత్రం పసుపు తెల్లగుడ్డంతా సమానంగా పరుచుకుంటుంది. ముఖానికి, పాదాలకు పసుపు రాసుకునే అలవాటున్న స్త్రీలలో చర్మాన్ని చూసి ఏమీ చెప్పలేం. క్యారెట్ బాగా తినేవారి అరచేతులు పచ్చబడినా కళ్ళు తెల్లగానే ఉంటాయి.

తరువాత మూత్రం. మే నెలలో బెజవాడ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, నీళ్ళు తక్కువ తాగిన మనిషికి మూత్రం ముదురు పసుపుగా రావడం సహజం. బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకున్నా అది మెరిసే పసుపు రంగులో వస్తుంది. నీళ్ళు, మజ్జిగ తగినంత తాగాక రంగు పలచబడితే అది ఎండ ప్రభావమే. (గుండె, మూత్రపిండాల జబ్బుతో నీటిపై పరిమితి ఉన్నవారు ఈ పరీక్ష చేసుకోవద్దు.) ఎంత నీరు తాగినా మూత్రం టీ డికాషన్ రంగులోనే వస్తుంటే బిలిరుబిన్ మూత్రంలోకి దిగుతోందని అనుమానించాలి. దానికి తోడు మలం తెల్లబారి, ఒళ్ళంతా దురద పెడుతుంటే పైత్యనాళానికి రాయో, కణితో అడ్డుపడి ఉండవచ్చు. ముఖ్యంగా పెద్ద వయసువారిలో నొప్పి లేకుండా రోజురోజుకీ ముదిరే కామెర్లను తేలికగా తీసుకోకూడదు. స్కానింగ్ ఆలస్యం చేయవద్దు.

పసరు మందు గురించి కొంత వివరంగా చెప్పాలి. హెపటైటిస్ అంటే కాలేయానికి వచ్చే వాపు; కలుషిత నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ సమయంలో పసరు తాగినా, చేతికి వాత పెట్టించుకున్నా ఆ గుణం మందు ఖాతాలో పడుతుంది. దీర్ఘకాలికంగా మారిన హెపటైటిస్ బి, సి, మద్యం వల్ల కలిగే కాలేయవ్యాధి, నాళానికి అడ్డు పడటం వంటివి అలా తగ్గేవి కావు. వాటికి పోయిన ప్రతి వారమూ నష్టమే. పైగా కొన్ని మూలికలే కాలేయానికి హాని చేయగలవు. కొవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి వైద్యులు నివేదించారు. నెలల తరబడి చప్పిడి పథ్యం పెట్టడమూ సరికాదు. రోగి కాలేయం కోలుకోవడానికి పప్పు, గుడ్డు, పెరుగు వంటి మాంసకృత్తులున్న ఆహారం కావాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలు మునిగినటువంటి సందర్భాలలో మరో విషయం గుర్తుంచుకోవాలి. హెపటైటిస్ ఇ వైరస్ ఒంట్లో చేరాక 2 నుంచి 10 వారాలకు గాని జబ్బు బయటపడదు. అంటే వరద తీసి, ఇల్లు కడుక్కుని, అంతా మరిచిపోయిన తరువాత కామెర్లు రావచ్చు. అందువల్ల నీళ్ళు కాచి తాగడం వరద తీశాక కూడా కొనసాగించాలి. హెపటైటిస్ ఇ గర్భిణులకు చాలా ప్రమాదకరం; చివరి మూడు నెలల్లో సోకితే 20 నుంచి 25 శాతం వరకు ప్రాణాపాయం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణి కళ్ళు పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కామెర్లున్న మనిషి పగలు మత్తుగా ఉండి రాత్రి నిద్రపోకపోయినా, మాట తడబడినా, రక్తపు వాంతి అయినా, మలం తారులా నల్లగా వచ్చినా, పొట్ట ఉబ్బి జ్వరం వచ్చినా తెల్లవారే దాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. విజయవాడ, గుంటూరు రెండు చోట్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. వెళ్ళేటప్పుడు కళ్ళు ఏ రోజు పచ్చబడ్డాయో, మూత్రం, మలం రంగు ఏమిటో, గత రెండు నెలల్లో వాడిన మందులు, పసర్లు, మద్యం వివరాలేమిటో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. క్షయ మందులు, ఎక్కువ మోతాదులో పారాసెటమాల్ కూడా కాలేయాన్ని దెబ్బతీయగలవు కనుక వాటిని దాచవద్దు.

ఈ వారం అభ్యాసంగా, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారి కళ్ళను పైన చెప్పిన పద్ధతిలో పగటి వెలుతురులో చూడండి. మామూలు తెలుపు ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలి. వచ్చే పాఠంలో లివర్ ఫంక్షన్ టెస్ట్ రిపోర్టులోని అంకెలను ఒక్కొక్కటిగా చదవడం నేర్చుకుందాం. పాత రిపోర్టు ఇంట్లో ఉంటే దగ్గర పెట్టుకోండి.