కంట్లో పెరిగే కండను గుర్తించడం ఎలా

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలోని సవర గిరిజన గూడేలకు కంటి పరీక్షల కోసం వెళ్తుంటాను. జీడిపిక్కలు ఏరే కాలంలో ‘కంట్లో కండ పెరుగుతోంది’ అనే మాట తరచూ వింటాను. వైద్యులు దీన్ని టెరీజియం అంటారు. ఏళ్ల తరబడి కంటికి తగిలే ఎండలోని అతినీలలోహిత కిరణాలే దీనికి ముఖ్య కారణం. దుమ్ము, వేడిగాలి తోడవుతాయి.

మనిషిని నీడలో కూర్చోబెట్టి, చెవి వైపు చూడమనండి. ముక్కు వైపు తెల్లగుడ్డు బాగా బయటపడుతుంది. టార్చిని పక్క నుంచి పట్టండి. ఈగ రెక్కలా పలుచగా, సన్నని ఎర్ర నరాలతో ఒక త్రికోణం, దాని మొన నల్లగుడ్డు వైపు ఉంటే అదే కావచ్చు. మొన ఎంతవరకు వచ్చిందో పుస్తకంలో బొమ్మ గీసి తేదీ వేయండి. ఆరు నెలలకు మళ్లీ గీసి పోల్చండి. నేను అన్నిటికంటే నమ్ముకునేది ఈ బొమ్మనే.

మొన కంటిపాపకు చేరువైనా, చూపు మసకబారినా, కండ త్వరగా పెరుగుతున్నా కంటి వైద్యుడి దగ్గరకు పంపండి. కండ తీసి, అదే కంటి నుంచి పలుచని పొర తెచ్చి అక్కడ అతికిస్తే మళ్లీ పెరిగే అవకాశం తగ్గుతుంది.

ఆకుపసరు పోయనివ్వకండి. సొంతంగా కొన్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వాడితే నీటికాసులు (కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే గ్లకోమా) రావచ్చు. చూపు పోతే తిరిగి రాదు.

ఎండలో వెడల్పు అంచు టోపీ, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ‘యూవీ 400’ కళ్లద్దాలు మేలు. అవి లేనివారికి తువ్వాలును నుదుటి మీద చూరులా ముందుకు లాగి కట్టడం నేర్పిస్తున్నాను.