ట్రాలీ లాగే పికప్‌కి టైర్లు: ఎండలు ముదరకముందే తేల్చుకోండి

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు చుట్టుపక్కల పికప్ బండ్లకు తీరికుండదు. పల్నాడు నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) యార్డుకి, యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకి తిరుగుడే తిరుగుడు. దానికి తోడు పెళ్లిళ్లు. టెంటు సామాను బండిలో వేసి, జనరేటర్ ట్రాలీ వెనక తగిలించి, పొద్దు వాలేలోగా మండపానికి చేర్చాలి. మాది ఆ పనే. ఎండ, బరువు, తొందర మూడూ ఒకేసారి టైరు మీద పడేది ఈ నాలుగు నెలల్లోనే. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటే రబ్బరు ఎంత? కొత్త టైర్లు వేయించాలనుకునేవాళ్లు ఇప్పుడే, సైజు దగ్గర్నుంచీ ఆలోచించుకుని వేయించండి.

రెండేళ్ల కిందట నేను ఆలోచించకుండా వేయించాను. వెనక టైర్లు బటన్ (నేలను పట్టే గాళ్ల భాగం) అరిగి నున్నబడితే, 215/75 ఆర్15 తీసేసి 235/75 ఆర్15 ఎక్కించాను. వెడల్పు టైరైతే ట్రాలీ ఊగదు, బరువు బాగా మోస్తుంది అని షాపులో చెప్పారు. నాకూ నిజమే అనిపించింది. బండి వెనక నుంచి చూస్తే నిండుగా కనిపించింది కూడా. పదో రోజు మిట్టమధ్యాహ్నం సత్తెనపల్లి నుంచి వస్తుంటే ఎడమ వెనక టైరు పేలింది. ట్రాలీ వెనక నుంచి బండిని అడ్డంగా తోసింది. రోడ్డు దిగి తుమ్మచెట్టుకి అడుగు దూరంలో ఆగాం. పక్క సీట్లో ఉన్న మా తమ్ముడి చేతులు గంటసేపటిదాకా వణుకుతూనే ఉన్నాయి.

పేలిన టైరు తీసుకుని విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన టైరు మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, బాబాయ్ అని పిలుస్తాను. ముందు టైరు లోపల చెయ్యి పెట్టమన్నాడు. టైరు పక్క గోడ వెంబడి నల్లటి పొడి రాలి ఉంది, వేళ్ల మధ్య రవ్వలా గరగరలాడింది.

"గాలి చాలక, బరువు ఎక్కువై గోడ మడతపడి మడతపడి నలిగిపోయిందబ్బాయ్. ఈ టైరు మీద సైజు పక్కన ఏముందో చదువు."

"105 అనుంది బాబాయ్."

"నీ పాత టైరు మీద?"

పాతది బండిలోనే ఉంది. దించి తుడిచి చూస్తే 106.

"మరి బలం పెరిగిందా, తగ్గిందా?"

ఆ రోజుదాకా ఆ అంకె వైపు నేను ఎన్నడూ చూడలేదు. సైజు తర్వాత ఉండే ఆ అంకె పేరు లోడ్ ఇండెక్స్. ఒక్కో టైరు ఎన్ని కిలోలు మోయగలదో చెప్పే గుర్తు అది. 100 అంటే 800 కిలోలు, 104 అంటే 900, 105 అంటే 925, 106 అంటే 950, 108 అంటే 1,000, 112 అంటే 1,120. కొన్నిటి మీద 106/103 అని రెండు అంకెలుంటాయి. మొదటిది పక్కకొక్క టైరు ఉండే బండికి, రెండోది వెనక జంట టైర్లున్న బండికి. మన పికప్‌లకి మొదటిదే లెక్క.

నా పాతది ఎనిమిది ప్లై రేటింగ్ (టైరు కట్టుబడి ఎంత గట్టిదో చెప్పే అంకె) ఉన్న లైట్ ట్రక్ టైరు. కొత్తది ఎంత వెడల్పున్నా కారు జాతి టైరే. గోడ మెత్తన, పట్టే గాలి తక్కువ. అమెరికాలోనైతే కారు టైరును ట్రక్కుకి వేసినప్పుడు దాని సామర్థ్యాన్ని 1.10తో భాగించి చూడాలని నిబంధనే ఉంది. ఆ లెక్కన నా 925 కాస్తా 841కి దిగుతుంది. డబ్బు ఎక్కువ పెట్టి టైరుకి వంద కిలోలకు పైగా బలం పోగొట్టుకున్నాను. సైజు పెంచడం వేరు, బలం పెంచడం వేరు. ట్రాలీ లాగే బండికి కావలసింది రెండోది.

ఇంకో నష్టం గేర్లలో తెలిసింది. 215 మిల్లీమీటర్ల వెడల్పులో 75 శాతం గోడ ఎత్తు. పైనా కిందా కలిపి 15 అంగుళాల రిమ్ముకి చేరిస్తే చక్రం ఎత్తు 703 మిల్లీమీటర్లు. 235 అయితే 733. నూటికి నాలుగు వంతులు పెరిగింది. చక్రం పెద్దదైన కొద్దీ లాగే బలం అంతే తగ్గుతుంది. వారధి ఎక్కేటప్పుడు క్లచ్ వాసన వస్తుంటే నేను క్లచ్ ప్లేట్లను తిట్టుకున్నాను. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది, బ్రేకు వేస్తే కాస్త ముందుకెళ్లి ఆగుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండికైతే ముందొక సైజు, వెనకొక సైజు అసలు వేయకూడదు, గేర్ పెట్టె దెబ్బతింటుంది.

మరి ఎంత బలం కావాలి? దీన్ని ఊహతో తేల్చకండి, కాటా వేయించండి. మామూలుగా ఎక్కించే సరుకు ఎక్కించి, ట్రాలీ తగిలించి, వెనక చక్రాలు రెండే ప్లాట్‌ఫారం మీద ఉండేలా బండి నిలపమనండి. వేబ్రిడ్జి అతను మొదట విసుక్కుంటాడు, అయినా అడగండి. మాది 1,560 కిలోలు తూగింది. అంటే టైరుకి 780. రోడ్డు ఒక పక్కకు వాలి ఉంటుంది, సరుకు ఒక వైపు ఎక్కువ పడుతుంది. అందుకని ఐదో వంతు కలుపుకోవాలి. 936 అయింది. 106కి తక్కువ టైరు నా బండికి పనికిరాదని అక్కడే తేలిపోయింది.

ట్రాలీ బరువు ట్రాలీ చక్రాల మీదే ఉంటుంది కదా, బండి టైర్లకేం పని అనుకోవద్దు. ట్రాలీ బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు కొక్కెం మీద పడాలి. అంతకు తక్కువైతే ట్రాలీ తోకలా ఊగుతుంది. మా ట్రాలీ జనరేటర్‌తో కలిపి 1,180 కిలోలు, కొక్కెం మీద సుమారు 120 పడుతుంది. కొక్కెం వెనక ఇరుసుకి నాలుగు అడుగుల అవతల ఉంటుంది. కొయ్య బల్ల చివర కూర్చుంటే రెండో చివర లేచినట్టు, ఆ 120 కిలోలు వెనక ఇరుసు మీద దాదాపు 170 అయి, ముందు చక్రాల మీంచి 50 కిలోల దాకా ఎత్తేస్తుంది. స్టీరింగ్ తేలికైనట్టు అనిపించేది అందుకే. ట్రాలీలో సామాను వెనక్కి జరిపితే స్టీరింగ్ బాగుపడినట్టు ఉంటుంది కానీ ఊగడం మొదలవుతుంది. ఆ పని చేయకండి. బండిలోని సరుకే ముందుకి సర్దండి, లేదా తగ్గించండి.

బలం పెంచాలంటే అదే సైజులో ఎక్కువ ప్లై రేటింగ్ ఉన్న టైరు అడగండి. ఎనిమిది ఉంటే పది. కానీ దానికి తగ్గ గాలి పడితేనే ఆ బలం వస్తుంది. 65 పీఎస్‌ఐ పట్టే టైరులో 40 కొట్టి తిప్పితే మీకు మిగిలేది బరువైన టైరే. ఆ గాలికి మీ రిమ్ము, వాల్వు తట్టుకోవాలి. మామూలు రబ్బరు వాల్వుకి 65 పీఎస్‌ఐ హద్దు. పాత వాల్వు వంచి చూస్తే మొదట్లో సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. టైరు మార్చిన ప్రతిసారీ వాల్వు మార్పించండి, పెద్ద ఖర్చేం కాదు.

టైరు బలం పెరిగిందని బండి బలం పెరగదు. ఇరుసు, కమాన్లు, బ్రేకులు పాతవే. సరుకు బండికి ఆర్‌సీలో టైరు సైజు, ఇరుసు బరువు కూడా రాసి ఉంటాయి. సైజు మారిస్తే ఫిట్‌నెస్ దగ్గర అడుగుతారు. ట్రాలీకి కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అధిక బరువుకి 2019 సవరణ తర్వాత 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకి మరో 2,000. మీ బండి ఎంత లాగవచ్చో కంపెనీ పుస్తకంలో లేకపోతే సర్వీస్ సెంటర్లో రాతపూర్వకంగా అడగండి.

ట్రాలీ టైర్ల దగ్గర మా వాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది. బండికి పనికిరానివి ట్రాలీకి వేస్తారు. ట్రాలీ ఏడాదిలో సగం రోజులు షెడ్డు బయట ఎండలో ఒకే చోట నిలబడి ఉంటుంది. దాని టైరు అరగదు, ఎండిపోతుంది. బటన్ చూసి మోసపోకండి. గోడ మీద చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఐదారేళ్లు దాటితే ఏటా ఎండలకు ముందు విప్పించి లోపలా బయటా చూపించండి. పదేళ్లు దాటితే బటన్ ఎంతున్నా తీసేయమని చాలా కంపెనీలే చెబుతున్నాయి. చట్ట ప్రకారం బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. కానీ ట్రాలీ లాగే బండికి నేను మూడుకి దిగగానే మార్చేస్తున్నాను. స్టెప్నీ కూడా అదే సైజు, అదే లోడ్ ఇండెక్స్ ఉండాలి. బండి కింద వేలాడుతుంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు, గాలి కొట్టేటప్పుడు ఐదోది గుర్తుంచుకోండి.

గాలి తెల్లవారుజామున, బండి కదలకముందే చూడండి. పొద్దున 28 డిగ్రీల్లో 60 కొట్టిన టైరు మధ్యాహ్నం 43 డిగ్రీలకి నిలబడి ఉన్నా దాదాపు నాలుగు పీఎస్‌ఐ పెరుగుతుంది, నడిస్తే ఇంకా పెరుగుతుంది. ఎక్కువైందని దారిలో తీయించకండి. చల్లారాక అది తక్కువ గాలి టైరవుతుంది, మర్నాడు గోడ మడతపడి వేడెక్కేది అదే.

గుంటూరు నుంచి విజయవాడ వెళ్తుంటే నేను కాజ టోల్‌గేటు దాటాక నీడ చూసి ఒకసారి ఆపుతాను. దిగి బండి టైర్లకీ, ట్రాలీ టైర్లకీ, వాటి హబ్బులకీ ముంజేతి వెనక భాగం ఆనించి చూస్తాను. అన్నీ ఇంచుమించు ఒకే వేడిగా ఉండాలి. ఒక టైరు వేరుగా కాలుతుంటే గాలి తగ్గినట్టు, హబ్బు కాలుతుంటే బేరింగ్ బిగిసినట్టు లేదా బ్రేకు పట్టుకున్నట్టు. మండపం వాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేసినా సరే, అది తేలేదాకా బండి కదపకండి.