షీట్లు కవర్లో, "వేసుకుంటున్నా" కార్డులో: పత్తి ఏరే రోజుల్లో గర్భిణులకు జాగ్రత్తలు

పోయిన వారం దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి కాన్పు కాగానే రక్తం ఆగలేదు. తొమ్మిదో నెలలో ఆమె హిమోగ్లోబిన్ 6.4. హైదరాబాద్ తీసుకుపోయి రక్తం ఎక్కిస్తే ప్రాణం దక్కింది. రెండు రోజుల తర్వాత వాళ్ల అత్త ఇంటి నుంచి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే గర్భిణులకు రక్తం పెరగడానికి ఇచ్చే ఎర్ర ఐరన్ గోలీల షీట్లు. పై షీటులో నాలుగు గుంతలు ఖాళీ, మిగతావన్నీ నిండుగా ఉన్నాయి. చెకప్ కార్డులో మాత్రం ప్రతి నెలా "వేసుకుంటోంది" అని రాసి ఉంది.

ఆకుకూరలు, గుడ్డు, పల్లీపట్టీ తినమని అందరూ చెప్తారు, నేను మళ్లీ చెప్పను. ఇరవై ఏళ్లుగా కాన్పుల దగ్గర పనిచేస్తూ నేను చూసిన పెద్ద తప్పు ఒక్కటే. గోలీ మానేయడం, మానేసి వేసుకుంటున్నానని చెప్పడం. ఈ రెండోదే కొంప ముంచుతుంది.

ఎందుకంటే రక్తం తక్కువున్న మనిషి గోలీలు సరిగ్గా వేసుకుంటే నెలకు సుమారు ఒక గ్రాము హిమోగ్లోబిన్ పెరగాలి. పెరగకపోతే డాక్టర్ తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) లాంటిది ఇంకేదైనా ఉందేమోనని వెతుకుతారు. మీరు అబద్ధం చెప్తే ఆ వెతుకులాటలోనే నెలలు గడిచిపోతాయి. "అమ్మా, పడటం లేదు, మానేశాను" అంటే అదే రోజు గోలీ మార్చొచ్చు, అవసరమైతే సెలైన్‌లో ఐరన్ ఎక్కించొచ్చు. దానికైనా రక్తం పెరగడానికి వారాలు పడుతుంది. నొప్పులు మొదలయ్యాక ఆ వారాలు ఎక్కడి నుంచి తెస్తాం?

ఎందుకు మానేస్తారో నాకు తెలుసు. వికారం, మలబద్ధకం, దొడ్డికి నల్లగా రావడం. ఒంటికి పట్టని ఐరన్ బయటికి పోతుంది కాబట్టి ఆ నలుపు వస్తుంది, దానికి భయపడొద్దు. ఇక బిడ్డ లావై ఆపరేషన్ అవుతుందని, నల్లగా పుడుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట. అత్తమ్మలూ, మీకు దండం పెడతాను, ఆ మాట అనకండి. బిడ్డ రంగుకూ ఈ గోలీకీ సంబంధం లేదు. రక్తం లేని తల్లికి బిడ్డ నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టే ప్రమాదం ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ ఇంటి కోడలు అందులో లేదని పరీక్ష చేయించకుండా అనుకోవద్దు.

మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. బిడ్డ మెదడు, వెన్నెముక తయారయ్యేది మొదటి వారాల్లోనే కాబట్టి నెల తప్పిందని తెలియగానే అడగండి. నాలుగో నెల నుంచి ఎర్ర గోలీ, రోజుకు ఒకటి, 180 రోజులు. కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. దీన్ని చాలామంది వదిలేస్తారు. పాలిచ్చే తల్లికీ రక్తం కావాలి.

ఇప్పుడు పత్తి ఏరే కాలం. తెల్లారకముందే లేచి, చాయ్ తాగుతూ గోలీ మింగి, సద్ది కట్టుకొని ఆటో ఎక్కుతారు. చాయ్‌తో మింగితే గోలీలోని ఐరన్ చాలావరకు ఒంటికి పట్టదు. రాత్రికి మార్చండి, అన్నం తిన్న గంట రెండు గంటలకు, పడుకునే ముందు. వికారం కూడా నిద్రలో తెలియదు. మన నల్లగొండ బత్తాయి రెండు తొనలో, ఇంత నిమ్మరసమో తీసుకుంటే ఐరన్ బాగా పడుతుంది. పాలతో వద్దు. కాల్షియం గోలీతో కలిపి అసలే వద్దు, రెండు గంటల తేడా ఉండాలి.

ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు మింగొద్దు. రక్తం తక్కువుందని డాక్టరే రెండు రాస్తే రెండు వేసుకోండి. చెప్పులు లేకుండా చేనులో దిగొద్దు, మట్టిలోని కొంకి పురుగులు కాళ్ల గుండా ఒంట్లోకి దూరి, పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. నులిపురుగుల గోలీ మూడు నెలలు దాటాక, నర్సమ్మ ఇస్తేనే. ఊళ్లో ఎవరి దగ్గరపడితే వాళ్ల దగ్గర ఐరన్ సూది వేయించుకోవద్దు, కొందరికి రియాక్షన్ వస్తుంది, అది దవాఖానలోనే చేయాలి. హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితే ఇంట్లో గోలీలతో కూర్చోవద్దు. ఆయాసం, కాళ్ల వాపు, గుండెదడ ఉంటే ఆ రోజే బయలుదేరండి. షీట్లు పిల్లలకు అందనివ్వొద్దు, మిఠాయి అనుకొని నాలుగైదు మింగినా ప్రాణం మీదికి వస్తుంది, ఒక్కటి మింగినా దవాఖానకు పరిగెత్తండి. తల్లిగారింటికి పోయినా, పనికి ముంబై, పుణె పోయినా చీరల కన్నా ముందు షీట్లు, కార్డు బ్యాగులో పెట్టండి.

ఇంకోసారి చెప్తున్నా. మానేస్తే మానేశానని చెప్పండి. ఎవరూ తిట్టరు, తిడితే నా దగ్గరికి రండి. వచ్చే చెకప్‌కు ఖాళీ షీట్లన్నీ కవర్లో వేసుకొని రండి. నిండుగా ఉంటే నిండుగానే తీసుకురండి.