గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను రాకముందే ఆపడం ఎలా?

చాలా క్యాన్సర్ల విషయంలో "ఎందుకు వచ్చిందో కచ్చితంగా చెప్పలేం" అని వైద్యులు అంటుంటారు. గర్భసంచి కింది కొసన, యోనిలోకి తెరుచుకునే చోట వచ్చే ఈ క్యాన్సర్ విషయంలో ఆ మాట అనాల్సిన అవసరం దాదాపుగా లేదు. కారణం తెలుసు, అది ఒక వైరస్. దాన్ని అడ్డుకునే టీకా ఉంది. క్యాన్సర్‌గా మారకముందే పట్టుకునే పరీక్ష ఉంది. పట్టుబడ్డాక కొద్ది నిమిషాల్లో ముగిసే చికిత్స కూడా ఉంది. అయినా 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 6,60,000 మంది మహిళల్లో ఇది కొత్తగా బయటపడింది, దాదాపు 3,50,000 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 94 శాతం అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే సంభవించాయి. ఇంత స్పష్టంగా ఆపగలిగిన జబ్బుతో ఇంతమంది చనిపోవడాన్ని విధి అని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

ఇందులో మనకు కలిసివచ్చే అంశం ఒకటుంది. అది సమయం. వైరస్ సోకిన తర్వాత అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన వారిలో, ముఖ్యంగా చికిత్స అందని హెచ్ఐవీ ఉన్న మహిళల్లో, 5 నుంచి 10 ఏళ్లలోనే మారవచ్చు. కింద చెప్పే పనులన్నీ ఆ వ్యవధిని చేజారిపోనివ్వకుండా వాడుకోవడానికే.

1. ముందు వైరస్ సంగతి తెలుసుకోండి, సిగ్గును పక్కన పెట్టండి

దాదాపు ప్రతి కేసుకూ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. కొన్ని మామూలు పులిపిర్లతో సరిపెడతాయి. పది పన్నెండు రకాలు మాత్రం ప్రమాదకరం. వాటిలో 16, 18 రకాలే ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం. ముఖద్వార క్యాన్సర్ కణాల్లో 16వ రకం ఉన్నట్టు జర్మన్ శాస్త్రవేత్త హారల్డ్ త్సూర్ హౌజెన్ బృందం 1983లో గుర్తించింది. ఆ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వైరస్ లైంగిక కలయిక ద్వారా, జననాంగాల చర్మం తగలడం ద్వారా వ్యాపిస్తుంది. లైంగిక జీవితం ఉన్న స్త్రీ పురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ ఇది. ఒక్క భాగస్వామితోనే జీవించినవారికీ రావచ్చు. చాలామందిలో ఏడాది రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది, వచ్చిన సంగతి కూడా తెలియదు. కొద్దిమందిలో అది తిష్ఠ వేసి ముఖద్వారం మీది కణాలను నెమ్మదిగా మారుస్తుంది. అది ఒంట్లో చేరినంత మాత్రాన ఎవరి నడతా తప్పని తేలదు. ఈ ఒక్క విషయం ఇంట్లో అందరికీ అర్థమైతే మిగతా మెట్లు సగం సులువవుతాయి.

2. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య టీకా వేయించండి

"ఇంత చిన్న వయసులోనా?" అని తల్లిదండ్రులు వెనకాడతారు. వైరస్ తగిలే అవకాశం రాకముందు వేస్తేనే టీకా పూర్తి ఫలితం ఇస్తుంది, అందుకే ఆ వయసు. పైగా ఆ వయసు పిల్లల శరీరం టీకాకు చాలా బలంగా స్పందిస్తుంది. 9 నుంచి 20 ఏళ్ల లోపు వారికి ఒకటి లేదా రెండు డోసులు చాలని, 21 దాటినవారికి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. హెచ్ఐవీ లాంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవారికి కనీసం రెండు, వీలైతే మూడు డోసులు అవసరం. మీ దేశంలో ఎన్ని డోసులు వేస్తున్నారో టీకా కేంద్రంలో అడిగి, డోసు వేసిన తేదీ కార్డు మీద రాయించుకోండి.

ఈ టీకాలో వైరస్ ఉండదు. వైరస్ పైపొరను పోలిన ప్రోటీన్ మాత్రమే ఉంటుంది, జన్యు పదార్థం ఏమీ ఉండదు కాబట్టి టీకా వల్ల హెచ్‌పీవీ సోకడం అసాధ్యం. సూది వేసిన చోట నొప్పి, కొద్దిపాటి వాపు, ఒకరోజు నలతగా ఉండటం మామూలే. ఈ వయసు పిల్లల్లో కొందరు సూది భయంతో కళ్లు తిరిగి పడిపోతారు. అందుకే కూర్చోబెట్టి వేయించి, తర్వాత ఓ పావుగంట అక్కడే కూర్చోనివ్వండి. పక్కపిల్ల కళ్లు తిరిగి పడిపోవడం చూసి "టీకా వికటించింది" అనే పుకారు పుట్టడం చాలా దేశాల్లో జరిగింది.

పుకార్ల మాట వచ్చింది కనుక జపాన్ అనుభవం చెప్పాలి. అక్కడ 2013లో టీకా దుష్ప్రభావాల గురించి భయాలు వ్యాపించి, ప్రభుత్వం దాన్ని చురుగ్గా సిఫారసు చేయడం ఆపేసింది. 70 శాతం దాకా ఉన్న టీకా వినియోగం ఒక్క శాతం కంటే తక్కువకు పడిపోయింది. ఆ భయాలకు ఆధారం దొరకలేదు. 2022లో సిఫారసును మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో గడిచిపోయిన ఏళ్లలో టీకా వయసు దాటిపోయిన అమ్మాయిలకు జరిగిన నష్టం మాత్రం నిజమైనది. మరోవైపు స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే పూర్తిగా టీకా వేసుకున్న తొలి తరం అమ్మాయిలను పెద్దయ్యాక పరిశీలిస్తే, వారిలో ఒక్కరికి కూడా ముఖద్వార క్యాన్సర్ కనిపించలేదని 2024లో ప్రకటించారు. టీకా వల్ల పిల్లలు పుట్టరన్న ప్రచారంలోనూ నిజం లేదు. గర్భసంచిని, తల్లి అయ్యే అవకాశాన్ని దెబ్బతీసేది క్యాన్సరే.

సంపన్న దేశాల సంగతి వేరని అనుకోనక్కర్లేదు. రువాండా 2011లోనే దేశమంతటా బడి పిల్లలకు ఈ టీకా మొదలుపెట్టింది. కొన్ని దేశాల్లో మగపిల్లలకూ వేస్తున్నారు. గొంతు, మలద్వారం, పురుషాంగ క్యాన్సర్లలో కొన్నింటికి ఇదే వైరస్ కారణం కాబట్టి అది వారికీ రక్షణే. టీకాల సరఫరా పరిమితంగా ఉన్నచోట మాత్రం ముందు ఆడపిల్లలకు వేయడమే న్యాయం.

3. టీకా వేసుకున్నా, వేసుకోకున్నా 30 ఏళ్లకు పరీక్ష మొదలుపెట్టండి

టీకా అన్ని ప్రమాదకర రకాలనూ అడ్డుకోదు. అప్పటికే సోకిన వైరస్‌ను తొలగించదు. అందువల్ల పరీక్ష అందరికీ కావాలి. నన్ను అడిగితే ఈ మొత్తంలో కష్టమైన మెట్టు ఇదే. నొప్పి ఉంటే ఎవరైనా ఆసుపత్రికి వెళ్తారు. ఏ బాధా లేనప్పుడు, ఇంటిపనులన్నీ పక్కనపెట్టి, బట్టలు తొలగించుకునే పరీక్షకు వెళ్లడానికి గట్టి నిర్ణయం కావాలి. కానీ ఈ జబ్బును సులువుగా ఆపగలిగేది ఏ లక్షణమూ లేని రోజుల్లోనే.

సాధారణంగా 30 ఏళ్లకు, హెచ్ఐవీ ఉన్నవారు 25 ఏళ్లకు మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొన్ని దేశాలు ఇంకా ముందే మొదలుపెడతాయి. మీ దేశంలో ఉన్న నియమాన్ని అనుసరించండి. దొరికే పరీక్షలు ప్రధానంగా మూడు.

హెచ్‌పీవీ పరీక్ష అన్నిటికంటే మేలైనది. ముఖద్వారం దగ్గరి స్రావంలో ప్రమాదకర రకాల వైరస్ ఉందో లేదో చూస్తుంది. లేదని తేలితే 5 నుంచి 10 ఏళ్ల దాకా మళ్లీ చేయించుకోనక్కర్లేదు. హెచ్ఐవీ ఉన్నవారు మాత్రం 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయించుకోవాలి. దీనికి నమూనాను మీరే తీసుకోవచ్చు. మెత్తటి చిన్న బ్రష్‌ను గానీ దూది చుట్టిన పుల్లను గానీ యోనిలోకి పెట్టి, నెమ్మదిగా కొన్నిసార్లు తిప్పి, తీసి గొట్టంలో వేసి ఇవ్వడమే. ఎంత లోపలికి పెట్టాలో, ఎన్నిసార్లు తిప్పాలో ఆ కిట్ మీదే ఉంటుంది. గుడ్డ చాటున, మరొకరి కన్ను పడకుండా చేసుకోగలిగే ఈ పద్ధతి, బిడియం వల్ల ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్న మహిళలకు గొప్ప వెసులుబాటు. మీ కేంద్రంలో ఇది ఉందేమో తప్పకుండా అడగండి.

పాప్ పరీక్షలో ముఖద్వారం నుంచి కొన్ని కణాలను సేకరించి మైక్రోస్కోపు కింద చూస్తారు. జార్జ్ పాపనికోలౌ అనే వైద్యుడు రూపొందించిన ఈ పరీక్ష, దాన్ని క్రమం తప్పకుండా అమలు చేసిన దేశాల్లో మరణాలను బాగా తగ్గించింది. ఒక్కసారి చేస్తే కొన్ని మార్పులు దొరక్కపోవచ్చు, అందుకే మూడేళ్లకోసారి చేయించుకోవాలి.

ప్రయోగశాల అందుబాటులో లేనిచోట చేసేది పలచటి ఎసిటిక్ ఆమ్లంతో (వెనిగర్‌లో ఉండేదే) పరీక్ష. స్పెక్యులమ్ అనే పరికరంతో యోనిని కొద్దిగా తెరిచి, ముఖద్వారాన్ని 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లంతో తడుపుతారు. కాస్త చురుక్కుమనవచ్చు. ఒక నిమిషం ఆగి దీపం వెలుగులో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న భాగం గులాబీ రంగులోనే ఉంటుంది, మారిన కణాలున్న చోట స్పష్టమైన అంచుతో తెల్లటి మచ్చ తేలుతుంది. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. అయితే చూసేవారి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది. నెలసరి ఆగిపోయినవారిలో చూడాల్సిన భాగం లోపలికి వెళ్లిపోతుంది కనుక వారికి ఇది అంతగా పనికిరాదు.

పరీక్షకు వెళ్లే ముందు రెండు రోజులు కలయికకు, యోనిలో పెట్టే మందులకు దూరంగా ఉండండి, లోపల కడగవద్దు. నెలసరి రోజులు కాకుండా చూసుకోండి. పొట్టను, తొడలను వదులుగా ఉంచి నెమ్మదిగా ఊపిరి వదులుతుంటే స్పెక్యులమ్ ఇబ్బంది తగ్గుతుంది. నొప్పిగా ఉంటే చెప్పండి, ఆపమని అడగండి, మహిళా సిబ్బంది కావాలని కోరండి. ఇవి అడగడానికి మీకు హక్కుంది.

4. ఫలితం పాజిటివ్ వస్తే అక్కడ ఆగిపోకండి

హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉందని కాదు. వైరస్ ఉంది, జాగ్రత్తగా చూడాలి అని మాత్రమే అర్థం. ఈ వైరస్ ఏళ్ల తరబడి కనిపించకుండా ఉండి మళ్లీ బయటపడగలదు. కనుక ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా తేల్చలేదు. ఆ కాగితం పట్టుకుని భార్యను అనుమానించే భర్తకు గానీ, భర్తను నిలదీసే భార్యకు గానీ అందులో సాక్ష్యం దొరకదు. ఇలాంటి గొడవకు భయపడి ఫలితాన్ని దాచిపెట్టి, తర్వాతి పరీక్షకు వెళ్లకపోవడమే అసలు ప్రమాదం.

తర్వాత ఏం చేస్తారో వైద్యుణ్ని వివరంగా అడగండి. ఏ రకం వైరస్ ఉంది? ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే కాల్పోస్కోపీ కావాలా? చిన్న ముక్క తీసి పరీక్షించాలా? మార్పులేమీ కనిపించకపోతే మళ్లీ ఎప్పుడు రావాలి? ఆ తేదీని ఫోనులో పెట్టుకోండి.

5. క్యాన్సర్‌కు ముందు దశ మార్పులుంటే ఆలస్యం చేయకుండా తీయించుకోండి

మార్పులు పైపైన, కనిపించే చోట ఉంటే వేడితో మాడ్చివేస్తారు, లేదా అతి చల్లదనంతో గడ్డకట్టిస్తారు. వేడి పద్ధతిలో పరికరం కొసను ముఖద్వారానికి ఆనించి ఉంచేది నిమిషం లోపే. నెలసరి నొప్పిలా అనిపించి తగ్గిపోతుంది. మార్పులు పెద్దవిగా ఉంటే, లోపలికి పాకితే, సన్నటి విద్యుత్ తీగతో ఆ భాగాన్ని మాత్రం కోసి తీస్తారు. ఇవన్నీ సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లిపోయే చికిత్సలే. కొన్ని వారాల పాటు నీళ్లలాంటి స్రావం ఉంటుంది. సుమారు నెల రోజులు కలయిక వద్దంటారు. రక్తం ఎక్కువగా పోయినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించుకోవాలి.

ఈ దశలో "గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది" అని ఎవరైనా సలహా ఇస్తే మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోండి. ముందు దశ మార్పులకు మామూలుగా అంత పెద్ద ఆపరేషన్ అవసరం ఉండదు. ఇంతకుముందే గర్భసంచి తీయించుకున్నవారు ముఖద్వారాన్ని కూడా తీశారా, ఉంచారా అన్నది కాగితాల్లో చూసుకోవాలి. ఉంచితే పరీక్షలు కొనసాగాలి. చికిత్స చేయించుకున్న ఏడాదికి మళ్లీ పరీక్ష తప్పనిసరి.

6. మిగతా జాగ్రత్తలు

పొగాకు మానండి, పొగతాగడం వల్ల వైరస్‌ను వదిలించుకునే శక్తి తగ్గుతుంది. కండోమ్ పూర్తి రక్షణ ఇవ్వదు, కానీ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. హెచ్ఐవీ ఉన్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ కనుక వారు మందులు క్రమంగా వాడుతూ పరీక్షలను తరచుగా చేయించుకోవాలి.

7. ఈ లక్షణాలు కనిపిస్తే తదుపరి పరీక్ష తేదీ కోసం ఎదురుచూడకండి

రెండు నెలసరుల మధ్య రక్తం కనిపించడం, కలయిక తర్వాత రక్తం రావడం, నెలసరి ఆగిపోయిన తర్వాత ఒక్క చుక్క అయినా కనిపించడం, దుర్వాసనతో తెల్లబట్ట ఆగకుండా అవడం, నడుములో, పొత్తికడుపులో తగ్గని నొప్పి. వీటికి చాలాసార్లు మామూలు కారణాలే ఉంటాయి, అయినా చూపించుకుని తేల్చుకోవాలి. గత పరీక్ష బాగుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

వైద్యుడి దగ్గర "కొంచెం నలతగా ఉంది" అని దాటవేయకండి. రక్తం ఎప్పటి నుంచి, ఏ సందర్భంలో కనిపిస్తోందో సూటిగా చెప్పండి. చూడకుండానే మందులు రాసిస్తే, స్పెక్యులమ్ పెట్టి ముఖద్వారాన్ని చూడమని అడగండి. తొలి దశలో దొరికిన క్యాన్సర్‌ను శస్త్రచికిత్సతో గానీ రేడియేషన్‌తో గానీ పూర్తిగా నయం చేసే అవకాశం బాగా ఎక్కువ.