ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూనే కలంకారీ వేయడం ఎలా?

బొమ్మలు వేయాలన్న కోరిక ఉండి కూడా ఆఫీసు, వంట, పిల్లల చదువుల మధ్య కుదరక పక్కన పెట్టేసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లు ఎవరు కలిసినా నేను మొదట చెప్పే పేరు కలంకారీ, అంటే గుడ్డ మీద సహజ రంగులతో బొమ్మలు వేయడం. "అమ్మో, అది తరతరాలుగా చేసేవాళ్ల పని, మనవల్ల ఎక్కడవుతుంది?" అంటారు. శ్రీకాళహస్తి కళాకారుల స్థాయి రావాలంటే ఏళ్లు పడుతుంది, అందులో సందేహం లేదు. అయితే అదే పద్ధతిలో ఒక చిన్న గుడ్డ మీద మామిడి పిందెనో, చిలుకనో వేసుకోవడం ఉద్యోగం చేసేవాళ్లకు కూడా చక్కగా కుదురుతుంది. ఈ పనిలో చేతులు ఆడేది కాసేపే. మిగతాదంతా పులియడం, నానడం, ఎండడం. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఆ పనులు వాటంతట అవే జరిగిపోతుంటాయి.

కలంకారీలో రెండు దారులున్నాయి. కృష్ణా జిల్లా పెడన, మచిలీపట్నంలలో చెక్క అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు. దాదాపు అంతరించే దశకు వచ్చిన ఈ చేతిపనికి 1950లలో చేతివృత్తులను నిలబెట్టడానికి కృషి చేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలై మళ్లీ ఊపిరి వచ్చింది. ఆ ఊరి కళాకారుడు జె. గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. అచ్చులు చెక్కించుకోవడం ఇంట్లో అయ్యే పని కాదు కాబట్టి ఇక్కడ చెప్పేది చేత్తో గీసే పద్ధతి గురించే.

ముందుగా నల్ల రంగు నానేయండి

గుడ్డ కొనకముందే చేయాల్సిన పని ఇది. కలంకారీ నలుపును కసింకారం అంటారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు, ఈ మూడే సరుకులు. పాత మేకులు, బోల్టులు, విరిగిన గడియలు, ఏవైనా పనికొస్తాయి. లీటరు నీళ్లకు 100 గ్రాముల బెల్లం, రెండు గుప్పెళ్ల తుప్పు ఇనుము ఒక మట్టికుండలోనో గాజు జాడీలోనో వేయండి. తాటిబెల్లం దొరికితే మరీ మంచిది. మూత బిగించకూడదు. లోపల పులిసేటప్పుడు గాలి పుడుతుంది కాబట్టి పలుచని గుడ్డ వాసెన కట్టి బాల్కనీలో ఓ మూల పెట్టండి. రోజూ ఒకసారి కర్రతో కలిపితే చాలు. ఎండాకాలంలో రెండు వారాలు, చలికాలంలో మూడు వారాలు పడుతుంది. వాసన వస్తుంది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

బెల్లం పులిసి నీరు పుల్లబడుతుంది, ఆ పులుపు ఇనుమును కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. తయారైన నీటిని వడకట్టి సీసాలో పోసి చూస్తే నల్లగా ఏమీ ఉండదు. పాలు లేని టీలా ఉంటుంది. ఇదేం నలుపు అని నిరాశపడొద్దు. దాని సంగతి గుడ్డ మీద తెలుస్తుంది.

గుడ్డను సిద్ధం చేయడం

బ్లీచింగ్ చేయని, కొంచెం ముతకగా ఉండే నూలు గుడ్డ తీసుకోండి. పాలిస్టర్ కలిసిందైతే ఈ రంగులేవీ నిలవవు. మొదటిసారి అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క చాలు. చీర అంచు వేద్దామనో, రామాయణ ఘట్టం వేద్దామనో మొదలుపెడితే నెల తిరిగేసరికి అటక ఎక్కుతుంది. ఒక మీటరు కొని ముక్కలు చేసుకుంటే చాలా ప్రయత్నాలకు సరిపోతుంది.

కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. శనివారం రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆదివారం పొద్దున్నే కుంకుడు రసంతో ఉతికి ఆరేయండి. ఆరాక అసలు పని. సుమారు 50 గ్రాముల కరక్కాయ పొడిని కొద్ది నీళ్లలో కలిపి, పలుచని గుడ్డలో వడకట్టి, అర లీటరు పచ్చి గేదె పాలలో కలపండి. గుడ్డను అందులో ముంచి, ప్రతి పోగూ తడిసేలా పిసికి, కాసేపు ఉంచి, గట్టిగా పిండి, ముడతలు లేకుండా ఎండలో ఆరేయండి. నగరంలో పచ్చి గేదె పాలు దొరక్కపోతే వెన్న తీయని ప్యాకెట్ పాలతోనైనా కానివ్వచ్చు.

పాలెందుకు? పాలలోని కొవ్వు పోగులకు పట్టుకుని, గీసిన గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. వెన్న తీసిన పాలతో ఆ పని జరగదు. కరక్కాయలో ఉన్న వగరు ఇనుప నీటితో కలిసినప్పుడే నలుపు పుడుతుంది. అంటే గుడ్డలో సగం సిరా, సీసాలో సగం సిరా ఉన్నట్టు. ఈ రెండూ అర్థమైతే మిగతా పనిలో ఎక్కడ ఏం తేడా వచ్చినా కారణం మీకే తెలిసిపోతుంది. గీత చెదిరిందా, పాలు సరిగా పట్టలేదు. నలుపు లేతగా వచ్చిందా, కరక్కాయ తక్కువైంది.

ఈ పని ముసురు పట్టిన రోజుల్లో పెట్టుకోకండి. పాల గుడ్డ త్వరగా ఆరకపోతే పుల్లటి కంపు కొడుతుంది.

కలం కట్టుకోవడం, బొగ్గు కాల్చుకోవడం

బయట కొనే కలం వద్దు, మీరే కట్టుకోండి. చిటికెన వేలంత లావు వెదురు పుల్లను జానెడు పొడవు కోసి, ఒక కొన సన్నగా చెక్కండి. మొన నుంచి అంగుళం పైన ఉన్ని ముక్కో, మెత్తటి పాత నూలు గుడ్డో నిమ్మకాయంత అయ్యేలా చుట్టి దారంతో బిగించండి. రంగు పీల్చుకుని దాచుకునేది ఆ ఉండే. వేళ్లతో దాన్ని మెల్లగా నొక్కితే రంగు మొన మీదికి దిగుతుంది. అందుకే పట్టుకోవాల్సింది పుల్లను కాదు, ఉండను. గీతలకు సన్న మొన కలం ఒకటి, నింపడానికి మొద్దు మొన కలం ఒకటి కావాలి. ఒక్కో రంగుకు వేరే కలం ఉండాలి. నలుపు కలాన్ని, ఎరుపు కోసం తర్వాత పూసే పటిక నీళ్లలో ముంచితే రెండూ పాడవుతాయి.

ముందుగా ఆకారం గీసుకోవడానికి చింతపుల్లల బొగ్గు వాడతారు. ఎండిన చింతపుల్లలను ఒక డబ్బాలో పెట్టి, మూత వేసి, నిప్పుల మీద ఉంచితే మెత్తటి బొగ్గు కడ్డీలవుతాయి. ఈ బొగ్గు దులిపితే పోతుంది. పెన్సిల్ గీత మాత్రం అలాగే ఉండిపోతుంది.

రాత్రి గంట సేపు గీతలు

వారం మధ్యలో, వంటిల్లు సర్దేశాక చేసుకునే పని ఇది. బల్ల మీద పాత దుప్పటి మడిచి పరిచి, దాని మీద గుడ్డ పెట్టండి. ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. గీత మధ్యలో చేయి ఆగితే అక్కడ చుక్క ఉబ్బి కనిపిస్తుంది, దాన్ని సరిదిద్దే మార్గం లేదు.

కలం ముంచి, సీసా అంచుకు ఒకసారి ఒత్తి, ముందు ఓ పనికిరాని ముక్క మీద గీసి చూడండి. గీసినప్పుడు లేత బూడిద రంగులో ఉంటుంది. రెండు మూడు క్షణాల్లో ముదురుతుంది. చూస్తుండగానే నల్లబడి పోగుల్లోకి ఇంకిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. మీరు ఒకసారి చూస్తే ఆ వారమంతా ఆఫీసు టెన్షన్‌లో కూడా ఎప్పుడు ఇంటికెళ్లి కలం పట్టుకుందామా అనిపిస్తుంది. గీత చుట్టూ తుప్పు రంగు మరక వస్తుంటే కసింకారం మరీ చిక్కగా ఉందని అర్థం, కొద్దిగా నీళ్లు కలపండి. చిక్కటి ఇనుప నీరు కాలక్రమేణా గుడ్డనూ తినేస్తుంది.

మణికట్టు తిప్పుతూ కాకుండా మోచేయి కదిలిస్తూ గీయండి. వంపు నిండుగా వస్తుంది. ఒక రాత్రి పెద్ద గీతలు, మరుసటి రాత్రి చిన్న చుక్కలు, ఆకుల ఈనెలు, ఇంకో రాత్రి అంచు. అలిసిపోయి ఇంటికొచ్చిన రోజు చుక్కలు పెట్టుకోండి, హుషారుగా ఉన్న రోజు వంపులు గీయండి. మధ్యలో నాలుగు రోజులు ముట్టుకోకపోయినా గుడ్డకు ఏమీ కాదు. కాన్వాసు మీద ఆయిల్ రంగులైతే రంగులు కలిపే పలక మీదే ఎండిపోతాయి, ఇక్కడ ఆ బెంగ లేదు.

ఎరుపు

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, కలంకారీ అంతా ఇందులోనే ఉంది. ఎరుపు రంగును నేరుగా పూయరు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీటిలో 20 గ్రాముల పటిక పొడి కరిగించండి. పటిక నీటికి రంగు ఉండదు, ఎక్కడ పూశామో తెలియదు కాబట్టి చిటికెడు మంజిష్ఠ (ఎర్ర రంగునిచ్చే వేరు) పొడి కలపండి. పూసి, ఆరనిచ్చి, ఒక పూర్తి రోజు అలాగే వదిలేయండి. రెండు రోజులైతే ఇంకా మంచిది. పటిక పోగులను పట్టుకోవడానికి ఆ సమయం కావాలి.

తర్వాత ఉతుకు. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి నది పారే నీటిలో ఉతికేవారు. పారే నీరే ఎందుకంటే, ఎక్కువైన పటిక, ఇనుము గుడ్డ నుంచి విడిపోయి కొట్టుకుపోవాలి. బకెట్‌లో నానబెడితే అవే మళ్లీ ఖాళీగా ఉన్న చోట అంటుకుని మరకలవుతాయి. ఇంట్లో అయితే కుళాయి కింద గుడ్డను విప్పి రెండు చేతులతో పట్టుకుని, నీరు ఒకవైపు నుంచి జారిపోయేలా కడగండి. రుద్దొద్దు. తడి గుడ్డను మడిచి పక్కన పెట్టొద్దు, నలుపు అవతలి మడతకు అచ్చు పడుతుంది.

మూలికల కొట్లో దొరికే మంజిష్ఠ పొడి 50 గ్రాములు ఒక గుడ్డలో మూట కట్టి ముందు రాత్రే స్టీలు గిన్నెలో నానేయండి. సంప్రదాయంగా ఎరుపునిచ్చే చవలికొడి, సురుడు చెక్క కూడా వేస్తారు, దొరికితే కొద్దిగా కలపండి. మరుసటి రోజు గుడ్డ ముంచి, సన్నటి మంట మీద మెల్లగా వేడి పెంచుతూ గంటసేపు కర్రతో తిప్పుతూ ఉండండి. పటిక ఉన్న చోటల్లా ఎరుపు తేలి వస్తుంది. మిగతా గుడ్డకు పలుచని గులాబీ ఛాయ పడుతుంది, అది ఉతికి కొన్నాళ్లు ఎండలో పరిస్తే తగ్గిపోతుంది. ఇనుప పాత్ర మాత్రం వాడకండి, ఎరుపు కాస్తా మసిబారుతుంది. ఈ గిన్నె, గరిటె మళ్లీ వంటకు వాడకూడదు. వాటి కోసం ఒక అట్టపెట్టె వేరుగా పెట్టుకోండి.

పసుపు, నీలం

పసుపు, నీలం వేయబోయే ముందు గుడ్డను మళ్లీ పాలలో ముంచి ఆరేయాలి, లేకపోతే పాకుతాయి. ఎండిన దానిమ్మ తొక్కలు మరిగించి, చిటికెడు పటిక వేస్తే చక్కటి పసుపు వస్తుంది. శ్రీకాళహస్తిలో కరక్కాయ పువ్వు వాడతారు. నీలానికి నీలిమందు కావాలి, దాన్ని పులియబెట్టడం వేరే విద్య. మొదటి రెండు మూడు గుడ్డలకు నలుపు, ఎరుపు, పసుపు చాలు. ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు పడాలి కాబట్టి అదీ తర్వాతే.

అమ్మే ముందు

నాలుగు గుడ్డలు పూర్తయ్యేసరికి చుట్టుపక్కలవాళ్లు అడుగుతారు. అమ్మండి, తప్పేమీ లేదు. పాలు, మంజిష్ఠ, గుడ్డ ఖర్చుతో పాటు మీ రాత్రుల్ని కూడా ధరలో కలపండి. సరుకుల ఖర్చుకే ఇచ్చేస్తే ఇదే జీవనాధారంగా బతికేవాళ్ల ధరను మీరు పడగొట్టినట్టే. ఇంకో సంగతి, శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. హైదరాబాద్ ఫ్లాట్‌లో వేసిన దాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. చేత్తో వేసిన సహజ రంగుల గుడ్డ అని చెప్పండి, అది నిజం కూడా.

వీలైనప్పుడు శ్రీకాళహస్తి వెళ్లి, కళాకారుల ఇంట్లో కూర్చుని వాళ్ల చేయి కదలడం చూడండి. చిన్నదైనా ఒక పని కొనుక్కుని రండి. షాపుల్లో కలంకారీ పేరుతో దొరికే యంత్రం ప్రింటుకూ దానికీ తేడా మీకే కనిపిస్తుంది. చేత్తో వేసినదాంట్లో ఒకే ఆకు పది చోట్ల ఉన్నా పది గీతలూ ఒకేలా ఉండవు, రంగు గుడ్డ వెనక్కి కూడా దిగి ఉంటుంది.

మీరు వేసిన గుడ్డను నీడలో ఆరేసి, ఉతకాల్సి వస్తే కుంకుడు రసంతోనే ఉతకండి, డిటర్జెంట్ వద్దు. మిగిలిన కసింకారం సీసా పారబోయకండి, నెలల తరబడి నిలవ ఉంటుంది. రెండో గుడ్డకు మళ్లీ మూడు వారాలు ఆగక్కర్లేదు, వచ్చే ఆదివారం పాలు తెచ్చుకుంటే సరి.