నీళ్లలోనూ నేలమీదా నడిచే ఆరు చక్రాల బండి: ఇరుసు దగ్గర లీకేజీ ఇలా ఆగింది

లక్షణం: చెరువులో దిగిన అరగంటకే అడుగున నీళ్లు. సిలికాన్, రబ్బరు వాషరు, ఒంటి ఆయిల్ సీలు (ఇరుసును చుట్టి పట్టుకునే రబ్బరు వలయం), మూడూ దండగే.

పనిచేసింది జంట సీళ్లు. ముందు బేరింగులో ఆట (వదులు) ఉందేమో చూసి, దాన్ని మార్చాను. ఇరుసు ఊగితే ఏ సీలూ నిలవదు. సీలు పెదవి (లోపలి రబ్బరు అంచు) ఆనేచోట ఇరుసును 400, తర్వాత 600 నంబరు ఎమరీతో నున్నగా రుద్దాను. రెండు సీళ్లనూ పెదవిని బిగించే సన్న స్ప్రింగు కనిపించే వైపు బయటికే ఉండేలా కొట్టి, మధ్య ఖాళీకి గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) బిగించాను. అసలు కిటుకు ఇదే: లోపలి సీలు గ్రీజును ఆపుతుంది, బయటిది మిగులును వదిలేస్తుంది. చక్రం చేత్తో తిప్పుతూ, బయట సన్నటి గ్రీజు వలయం కనపడేదాకా మెల్లగా పంపు కొట్టాలి. నీటిని తట్టుకునే మెరైన్ గ్రీజే వాడాలి. మామూలుది పాలలా తెల్లబడి కొట్టుకుపోవచ్చు. నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రెండు పంపులు.

నాది గట్టి స్టీలు అడుగు. పల్చటి ప్లాస్టిక్ అడుగు వంగుతుంది కాబట్టి అక్కడ ఇదొక్కటే సరిపోకపోవచ్చు.